డిసెంబర్ చలిలో గుర్రాన్ని లారీలో తెచ్చుకోవడం: విజయవాడలో గుర్రాల యజమానులతో ఒక పశువైద్యుడి మాట

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి మైకు వినపడుతోందా? సరే.

బయట బ్యానర్ మీద ‘చలికాలంలో గుర్రాల రవాణా’ అని చూసి ఒకాయన ‘బెజవాడలో చలెక్కడిదండీ’ అన్నాడు. నిజమే, డిసెంబర్‌లో కూడా మనకి మధ్యాహ్నం 29, 30 డిగ్రీలు ఉంటుంది, తెల్లవారుజామున ఏ 18కో దిగితే మఫ్లర్లు బయటికొస్తాయి. కానీ మీరు గుర్రాన్ని కొనేది బెజవాడలో కాదు కదా. దత్త జయంతికి మహారాష్ట్రలో నందుర్బార్ జిల్లా సారంగ్‌ఖేడా వెళ్తారు, తపతి ఒడ్డున జరిగే సంతకి. కాస్త డబ్బున్నవాళ్లు కార్తీక పున్నమికి పుష్కర్ వెళ్తారు. మరీ ఎత్తు గుర్రం కావాలనుకునేవాళ్లు సంక్రాంతి రోజుల్లో పంజాబ్‌లో ముక్త్‌సర్ మేళా దాకా పోతారు. ఈ సంతలన్నీ చలిరోజుల్లోనే పడతాయి, మన పెళ్లిళ్ల సీజన్ మాఘమాసంలో మొదలయ్యే లోపు గుర్రం ఇంటికి చేరాలి, కాబట్టి చలిలో ప్రయాణం తప్పదు. సారంగ్‌ఖేడా నుంచి ధూలే, శంభాజీనగర్ అని పేరు మారిన ఔరంగాబాద్, నాందేడ్, హైదరాబాద్ మీదుగా మన ఊరికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత నిద్రపోయినా పర్లేదు. గుర్రానికి చలేస్తుందేమోనని లారీ చుట్టూ బరకం బిగించి, పైన రెండు దుప్పట్లు కప్పి, కదలకుండా తల పైకి కట్టి తీసుకొస్తున్నారు చూడండి, ఆ ప్రేమే గుర్రాల్ని మంచాన పడేస్తోంది. చలి వల్ల జబ్బుపడి నా దగ్గరికొచ్చిన గుర్రాలు తక్కువ. గాలి ఆడక, నీళ్లు తాగక, తల దించుకోలేక జబ్బుపడినవే ఎక్కువ.

మనకి చలేసినప్పుడు గుర్రానికీ వేస్తుందనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. మనం పలచటి చర్మంతో, ఒక చొక్కాతో తిరిగేవాళ్లం. పెద్ద గుర్రం, ఒంటి మీద బొచ్చు బాగా ఉన్నది, పొడిగా ఉన్నది, కడుపునిండా గడ్డి తిన్నది అయితే, దాదాపు 5 డిగ్రీల నుంచి 25 డిగ్రీల దాకా దానికి ఇబ్బందే లేదు, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి అదనంగా ఏమీ కష్టపడక్కర్లేదు. మంచు దేశాల్లో అలవాటుపడిన గుర్రాలైతే సున్నాకి కింద 15 దాకా కూడా తట్టుకుంటాయి. సారంగ్‌ఖేడాలో రాత్రి 10 డిగ్రీలంటే మనం గజగజలాడతాం, ఆ గుర్రం మాత్రం హాయిగా నిలబడి గడ్డి నములుతూ ఉంటుంది. పైగా పగటి వెలుతురు తగ్గుతున్నకొద్దీ, శరత్కాలం నుంచే, దానికి చలికాలపు బొచ్చు మొలుస్తుంది. చల్లగాలి తగలగానే ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, మధ్యలో గాలి నిలిచి ఒంటి వేడి బయటికి పోదు. దాని మీద మీరు పలచటి దుప్పటి ఒకటి బిగించి కట్టారనుకోండి, వెంట్రుకలు అణిగిపోతాయి, ఆ గాలి పొర పోతుంది. అరకొర దుప్పటి కంటే ఏమీ లేకపోవడమే నయం.

అలాగని అన్ని గుర్రాలూ ఒకటి కాదు. అందంగా కనపడాలని బొచ్చు కత్తిరించినవి, ముసలివి, ఎముకలు తేలినవి, జ్వరం నుంచి లేచినవి, పాలు తాగే పిల్లలు, వీటి లెక్క వేరు. అన్నిటికంటే ముఖ్యంగా తడిసిన గుర్రం. ఎంత బొచ్చున్నా తడిస్తే పనికిరాదు. పైకి కనపడే వాన ఒకటి, లోపల పట్టే చెమట ఒకటి, రెండూ ఒకటే దానికి.

చెమట అంటే గుర్తొచ్చింది. లారీలో గుర్రం ఊరికే నిలబడి ఉంటుందని అనుకుంటాం. బ్రేకు వేసినప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా నాలుగు కాళ్లతో కాచుకుంటూ, కండలు బిగించి వదులుతూనే ఉంటుంది. అది పడే శ్రమ దాదాపు నడిచినంత శ్రమ. అంటే వెయ్యి కిలోమీటర్లు మీరు దాన్ని ఒకరకంగా నడిపిస్తున్నట్టే, అందులోనుంచి వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడి బయటికి పోవడానికి దారి ఉండాలి.

ఒకటి చెప్తాను. ఒక డిసెంబర్‌లో తెల్లవారుజామున ఇబ్రహీంపట్నం దగ్గర రోడ్డు పక్కన ఒక డీసీఎం వ్యాను ఆపి నాకు ఫోన్ చేశారు. వెళ్లేసరికి బండి చుట్టూ బరకం, సందు లేకుండా నైలాన్ తాడుతో కుట్టినట్టు బిగించి ఉంది. వెనక ముడి విప్పి బరకం ఎత్తగానే లోపల్నుంచి వచ్చిన ఘాటుకి నాకు కళ్లు మండి నీళ్లు కారాయి. పైన ఇనప కమ్మీల నుంచి టప్‌టప్‌మని నీటి చుక్కలు పడుతున్నాయి, వాన కాదు, మూడు గుర్రాల ఊపిరి ఆవిరి రాత్రంతా కమ్మీలకి పట్టి కారుతోంది. చివరన ఉన్నది తెల్ల మార్వాడీ జాతి ఆడగుర్రం. తల పై కమ్మీకి జానెడు తాడుతో కట్టేసి ఉంది. దుప్పటి కింద చెయ్యి పెడితే బొచ్చు తడిసి ముద్దయింది, బయటికి తీసిన చెయ్యి పిండితే నీళ్లొచ్చేట్టుంది. ముక్కుల్లోంచి పచ్చటి చీమిడి, థర్మామీటర్ పెడితే 104. ఆ కుర్రాళ్లు నిజంగా దాని మీద ప్రేమతోనే చేశారు, వాళ్ల రగ్గు కూడా తీసి దానికే కప్పారు. గుర్రం బతికింది లెండి. కానీ నిమ్ము లోపలిదాకా దిగింది, వారాల తరబడి ఇంజెక్షన్లు, ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీయాల్సి వచ్చింది, ఆ సీజన్ పెళ్లి ఒప్పందాలన్నీ పోయాయి.

లోపల జరిగేది ఏంటంటే, ముందు మూత్రం. బండి తొట్టిలో గడ్డి మీద పడ్డ మూత్రం నుంచి అమ్మోనియా వస్తుంది. మన గాలిగొట్టం లోపల సన్నటి నూగు ఉంటుంది, దుమ్మునీ క్రిముల్నీ పైకి తోసేస్తుంది. గుర్రానికీ అంతే. అమ్మోనియా ఆ నూగు పని పాడుచేస్తుంది. దానికి తోడు బూజు పట్టిన గడ్డి దుమ్ము. దానికి తోడు ఆవిరి. గుర్రం ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది, మనలా నోరు తెరిచి పీల్చుకోలేదు, కాబట్టి ఆ కుళ్లు గాలి తప్ప దానికి వేరే గాలి లేదు. ఇలా ప్రయాణంలో ఊపిరితిత్తులకి పట్టే నిమ్ముని డాక్టర్లు షిప్పింగ్ ఫీవర్ అంటారు, ఓడల్లో గుర్రాల్ని తెచ్చే కాలం నుంచీ ఉన్న జబ్బు.

మరి బరకం కట్టొద్దా? కట్టండి, కానీ ఎక్కడ కట్టాలో చూసి కట్టండి. క్యాబిన్ వెనక, ముందు వైపు, పూర్తిగా మూసేయండి, ఎదురుగాలి నేరుగా మొహానికి కొట్టకూడదు. పక్కల గుర్రం వీపు ఎత్తు దాకా మూయండి. ఆ పైన జానెడు, మూరెడు ఖాళీ పొడవునా వదలండి. వెనక పైభాగం తెరిచి ఉంచండి. పైకప్పు మాత్రం ఉండాలి, మంచు కురిసినా వాన కురిసినా ఒళ్లు తడవకూడదు. గాలి తలల మీదుగా పోతూ ఉండాలి, ఒంటి మీదికి ఈలవేస్తూ రాకూడదు. మొత్తం తెరిచేసి 60 స్పీడులో పోయినా తప్పే: మనిషి చర్మానికి వేసే లెక్క ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకి 60 కిలోమీటర్ల గాలి కొడితే 5 డిగ్రీల చలి అనిపిస్తుంది. గుర్రానికి బొచ్చుంది కాబట్టి అంత ఉండదు, అయినా కళ్లలో దుమ్ము, ముక్కులో దుమ్ము, అదీ నష్టమే. ఎంత తెరవాలో తెలుసుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు. దాబా దగ్గర ఆగినప్పుడు టీ కంటే ముందు లోపలికెక్కి, గుర్రం ముక్కు దగ్గర మీ ముక్కు పెట్టి రెండు నిమిషాలు నిలబడండి. ఘాటు తెలిస్తే ఇంకా తెరవాలి. ఇంజిన్ ఆపేసి నిలబడండి, లేకపోతే మీకు తెలిసేది డీజిల్ పొగే.

ఇప్పుడు తల సంగతి. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా డ్రైవర్లు వినరు, ఎందుకంటే పొట్టిగా కడితే గుర్రం కరవదు, తిరగదు, వాళ్లకి టెన్షన్ ఉండదు. గుర్రం రోజులో ఎక్కువ సేపు తల నేల దాకా దించి గడ్డి తినే జంతువు. గాలిగొట్టంలో చేరిన చీమిడి, దుమ్ము అలా దించినప్పుడే కారిపోతుంది. తల ఎత్తి కట్టేస్తే అదంతా లోపలికే దిగుతుంది. 1990లో ఆస్ట్రేలియాలో దీన్ని పరీక్షించారు: ఏ జబ్బూ లేని గుర్రాల్ని, బండి ఎక్కించకుండానే, ఊరికే తల ఎత్తి కట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే, వాటి గాలిగొట్టంలో చీమూ క్రిములూ పేరుకుపోయాయి. లారీ లేదు, చలి లేదు, ప్రయాణం లేదు, తల కట్టడం ఒక్కటే. తల వదిలాక శుభ్రపడ్డాయి. కాబట్టి తాడు కనీసం ఛాతీ ఎత్తు దాకా తల దించుకునేంత పొడవుండాలి, కాలు దాటి చిక్కుకునేంత పొడవు ఉండకూడదు. లాగితే ఊడే ముడి వేయండి. మన గేదెలకి వేసే గట్టి ముడి వేస్తే, గుర్రం పడినప్పుడు కత్తి వెతుక్కోవాల్సి వస్తుంది. మూడు, నాలుగు గంటలకోసారి బండి ఆపి, అరగంట పాటు తాడు పూర్తిగా వదులు చేసి, గడ్డి నేలమీదే వేయండి. దగ్గుతుంది, తుమ్ముతుంది, చీమిడి కారుతుంది. కారనివ్వండి, అందుకే ఆపాం. పది, పన్నెండు గంటలు దాటితే మాత్రం దింపాల్సిందే. నాందేడ్ దగ్గరో, హైదరాబాద్ దాటకముందో తెలిసినవాళ్ల షెడ్డు ముందే మాట్లాడిపెట్టుకుని ఒక రాత్రి దింపి పడుకోనివ్వండి. ఒక్క రాత్రి అద్దె మిగులుతుందని ఏకబిగిన తెచ్చేవాళ్లు తర్వాత మందుల షాపుకి కట్టేది ఎక్కువ.

తిండి గురించి. ఇక్కడ సగం మంది మొహాలు చూస్తేనే తెలుస్తోంది, బయల్దేరే ముందు ఉడకబెట్టిన ఉలవలు దండిగా పెట్టేవాళ్లే. ‘ఉలవలు వేడి కదండీ, చలికి మంచిది’ అంటారు. ఉలవలు మంచి దాణానే, కాదనను. కానీ గుర్రం ఒంట్లో చలికాచుకునే కుంపటి ఎక్కడుందంటే పెద్దపేగులో ఉంది. దాని పొట్టలో సగానికి పైగా ఆ పెద్దపేగే, అందులో కోట్లాది క్రిములు పీచుని పులియబెడుతూ ఉంటాయి, ఆ పులియడంలో వేడి పుడుతుంది. ఆ కుంపటికి కట్టె ఎండుగడ్డి. దాణా త్వరగా అరిగిపోతుంది, వేడి తక్కువ. గడ్డి గంటల తరబడి మెల్లగా కాలుతుంది. కాబట్టి చలి పెరిగితే దాణా కాదు, గడ్డి పెంచండి. మామూలుగానే ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల గడ్డి కావాలి, 400 కిలోల గుర్రానికి రోజుకి 6 నుంచి 8 కిలోలు. ప్రయాణంలో వలసంచిలో కట్టి ఎప్పుడూ ముందుండేలా చూడండి, నములుతున్న గుర్రం భయం కూడా తగ్గి ఉంటుంది. వల మరీ కిందకి కడితే ముందుకాలు చిక్కుకుంటుంది, మరీ పైకి కడితే దుమ్ము కళ్లలో పడుతుంది, ఛాతీకి కాస్త పైన చాలు. గడ్డి మీద ఓ చెంబుడు నీళ్లు చల్లండి, దుమ్ము అణుగుతుంది. బయల్దేరే రోజు, దారిలో దాణా బాగా తగ్గించండి. కదలకుండా నిలబడి, నీళ్లు తక్కువ తాగిన గుర్రం కడుపులో దాణా కడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది లోపలే తిప్పలు పెడుతుంది.

ఇంకొకటి, సంతలో కొన్న గుర్రం అప్పటిదాకా ఏ గడ్డి తింటోందో అమ్మినాయన్ని అడిగి, ఓ నాలుగైదు రోజులకి సరిపడా అదే గడ్డి బండిలో వేసుకోండి. ఇక్కడికి రాగానే మన వరిగడ్డి మీద వదిలేస్తే పొట్ట పాడవుతుంది. వారం పాటు కలుపుతూ మార్చండి.

నీళ్లు. చలిలో గుర్రాలు చచ్చేది నీళ్ల దగ్గరే, ఈ మాట కాస్త గట్టిగానే అంటున్నాను. మామూలుగా రోజుకి 25, 30 లీటర్లు తాగే గుర్రం చల్లటి నీళ్లు చూస్తే ముక్కు తిప్పుకుంటుంది. ఎండుగడ్డి తింటోంది, నీళ్లు తాగట్లేదు, అంటే పేగులో లద్దె గట్టిపడి అడ్డం పడుతుంది. మన దగ్గర చలికాలంలో వచ్చే కడుపునొప్పి కేసుల్లో ఇదొక రకం. మందు చాలా తేలిక: గోరువెచ్చటి నీళ్లు. దాబావాళ్లని అడిగితే ఒక బిందె వేడినీళ్లు ఇవ్వరా? ఆ బిందె ఒక డ్రమ్ము చన్నీళ్లలో కలిపితే చాలు. ఊరు మారితే నీళ్ల రుచి మారుతుంది, అదీ వాటికి నచ్చదు. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నుంచి నీళ్లలో కాస్త బెల్లం కలిపి అలవాటు చేస్తే, దారిలో కూడా ఆ బెల్లం వాసనకి తాగుతుంది. సంతలో కొన్న రోజే ఎక్కిస్తే ఈ పని కుదరదు, అందుకే కొన్నాక ఓ రెండు రోజులు అక్కడే ఉండమనేది. తాగిందో లేదో బకెట్‌లో గుర్తుపెట్టి చూడండి. ‘పెట్టాం సార్’ అంటారు, పెట్టడం వేరు, తాగడం వేరు. లద్దె చూడండి. ముద్దలు చిన్నవై, గట్టిగా, పైన జిగురు పొరతో పడుతుంటే నీళ్లు చాలట్లేదని అర్థం.

దుప్పటి గురించి అడుగుతారని తెలుసు. బొచ్చు కత్తిరించిన గుర్రానికి, ముసలిదానికి, బక్కదానికి దుప్పటి కావాలి. మిగతావాటికి రాత్రిపూట 8, 10 డిగ్రీలకి దిగి, పైగా గాలి కొడుతుంటే ఒక్కటి చాలు, పగలు ఎండ రాగానే తీసేయాలి. నూలు బొంత తడిస్తే ఆరదు, బరువు, వద్దు. బజార్లో మెత్తగా నిగనిగలాడే పాలిస్టర్ రగ్గులు దొరుకుతాయే, అవి చెమటని బయటికి పోనివ్వవు. ఉన్ని కంబళి మంచిది, మన గొర్రెలకాపరులు కప్పుకునే గొంగడి ఉంది చూడండి, దానికి మించింది లేదు, కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది. పొట్ట కింద పట్టీ వెడల్పుగా, రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టండి. వేలాడే తాళ్లు ఉండకూడదు, కాలు పడుతుంది. చలేస్తోందో లేదో చెవులు పట్టుకుని చూస్తారు, చెవులు చల్లగా ఉండటం మామూలే. దుప్పటి కింద చెయ్యి పెట్టి భుజం వెనక, మోచెయ్యి వెనక చూడండి. వెచ్చగా పొడిగా ఉంటే వదిలేయండి. చెమ్మ తగిలితే వెంటనే తీసేసి, గోనెసంచితో గట్టిగా రుద్ది ఆరబెట్టి, ఆ తర్వాతే పొడి దుప్పటి కప్పండి. వణుకుతూ, తోక కాళ్ల మధ్యకి నొక్కి, ఒళ్లు ముడుచుకుని ఉంటే అప్పుడు చలి. అలాంటప్పుడు కూడా ముందు గడ్డి, తర్వాత దుప్పటి.

కింద పరుపు గురించి ఎక్కువ చెప్పను. జారకూడదు, తడి నిలవకూడదు. ముందు రబ్బరు మ్యాట్, దాని మీద మందంగా ఎండుగడ్డి. మన దగ్గర రైసు మిల్లుల ఊక చవక కదా అని అదే పోస్తుంటారు, అందులో సన్నటి దుమ్ము గాలికి లేచి ముక్కుల్లోకే పోతుంది, ఆకలేస్తే తినేస్తాయి కూడా, నాకు నచ్చదు. రంపంపొట్టు వాడితే పెద్ద రేకుల్లా ఉండేది చూసుకోండి, పిండిలాంటిది వద్దు. ఆగిన ప్రతిచోటా తడిసింది ఎత్తి పారేస్తే అమ్మోనియా గొడవ సగం తీరిపోతుంది.

రూల్స్ కూడా రెండు ముక్కలు. 1978 నాటి జంతువుల రవాణా నియమాల్లో గుర్రాలకి విడిగా ఉంది. ఒక బండిలో నాలుగు నుంచి ఆరుకి మించకూడదు. రెండు గుర్రాల మధ్య 8 సెంటీమీటర్ల మందం వెదురు బొంగు అడ్డం ఉండాలి, వెనక పడిపోకుండా గట్టి దూలాలు ఉండాలి. తలలు ఎడమ వైపుకి, ఎదురొచ్చే బళ్లకి దూరంగా ఉండాలి. స్పీడు 35 కిలోమీటర్లు దాటకూడదు. నవ్వుతున్నారు. హైవే మీద 35లో ఎవరు పోతారండీ అని. నాకూ తెలుసు. కానీ ఆ అంకె ఊరికే వేసింది కాదు, గుర్రం మలుపుల దగ్గర కాచుకోగలిగే స్పీడు అది. పొగమంచు పట్టిన రాత్రి సూర్యాపేట దాటాక మీరు అంతకంటే ఎక్కువ పోలేరు కూడా, పోకండి, పక్కకి ఆపి తెల్లారనివ్వండి. డాక్టరు సర్టిఫికెట్ లేకుండా ఎక్కించొద్దు. గ్లాండర్స్ అని గుర్రాలకొచ్చే అంటుజబ్బు ఉంది, దాని రక్తపరీక్ష కాగితం అమ్మేవాడి దగ్గర అడగండి, ఆ జబ్బు మనుషులకీ అంటుకుంటుంది, పాజిటివ్ వస్తే గుర్రాన్ని చంపాల్సిందే, వేరే దారి లేదు. బేరం కుదిరాక అడగడం కాదు, బేరం మొదలెట్టేముందే అడగాలి.

గుర్రాల రవాణాలో నష్టం మనకి కొత్తేం కాదు. విజయనగర రాజులకి గుర్రాలు పర్షియా తీరంలోని హొర్ముజ్ రేవు నుంచి ఓడల్లో వచ్చేవి. న్యూనిజ్ అని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఒకాయన 16వ శతాబ్దంలో అక్కడుండి రాశాడు: సాళువ నరసింహరాయలు బతికున్న గుర్రానికే కాదు, చచ్చిన గుర్రానికీ డబ్బిచ్చేవాడట. సముద్రంలో చనిపోతే దాని తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే లెక్కగట్టి ఇచ్చేవాడట. దారిలో ఎన్ని పోయేవో మీరే ఊహించుకోండి. ఇవాళ తోక పట్టుకెళ్తే మనకెవడూ పైసా ఇవ్వడు.

ఇంటికి చేరాక. గుర్రం దిగగానే పెళ్లికొడుకుని ఎక్కించి చూపించమని బంధువులు ఎగబడతారు. మూడు రోజులు దాన్ని వదిలేయండి. తల వంచి గడ్డి తినేలా నేలమీద వేయండి, ఆ రోజు ఒళ్లు కడగొద్దు. పొద్దున సాయంత్రం జ్వరం చూడండి, వంద రూపాయల డిజిటల్ థర్మామీటర్ చాలు, తోక ఎత్తి లోపల పెట్టాలి, చివర దారం కట్టి తోకకి క్లిప్పు పెడితే పడిపోదు. మామూలుగా ఫారిన్‌హీట్‌లో 99.5 నుంచి 101.3 దాకా. 101.5 దాటినా, మేత వదిలినా, దగ్గినా, మూలకి నిలబడి ముందుకాళ్లు మెల్లగా కదుపుతున్నా, ఆ సాయంత్రమే డాక్టర్ని పిలవండి, రేపటిదాకా చూద్దాం అనొద్దు. నిమ్ము మొదటి రోజు పట్టుకుంటే మందులకి లొంగుతుంది. మీ పాత గుర్రాలకి దూరంగా రెండు మూడు వారాలు విడిగా కట్టండి. 2008లో దేశమంతా గుర్రాల ఫ్లూ తిరిగింది పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, అది గుర్రం దగ్గుతోనే ఊళ్లు దాటింది.

ఇంకో చిక్కు ఉంది, ఎవరూ అనుకోనిది. ఉత్తరాది నుంచి చలికాలపు బొచ్చుతో వచ్చిన గుర్రం మన 30 డిగ్రీల మధ్యాహ్నంలో చెమటలు కక్కుతుంది. రాత్రి కప్పిన దుప్పటి పొద్దున్నే తీయడం మర్చిపోతే ఉక్కపోతకి పడిపోయినా ఆశ్చర్యం లేదు. నీడ, గాలి, ఉప్పు రాయి. బొచ్చు రాలడానికి టైము పడుతుంది, రోజూ బ్రష్ చేయండి.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి. భాయ్, మీరు అడగండి.

(చలికి రమ్ము పట్టొచ్చా అని ఒకరు అడిగారు.)

ఈ ప్రశ్న లేకుండా ఏ మీటింగూ అయిపోదు. పట్టొద్దు భాయ్. రమ్ము తాగితే వెచ్చగా అనిపించేది చర్మం దగ్గర రక్తనాళాలు తెరుచుకోవడం వల్ల, అంటే లోపలి వేడి బయటికి పోతోందన్నమాట. అంతకంటే పెద్ద ప్రమాదం సీసా పెట్టి తల ఎత్తి పోయడం. రమ్మైనా, నూనైనా, కషాయమైనా, తల ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కదులుతున్న లారీలో అయితే పోయే అవకాశం ఇంకా ఎక్కువ. ఆ రమ్ము డ్రైవర్‌కి కూడా ఇవ్వకండి.

(లంబసింగి, అరకు తీసుకెళ్లి టూరిస్టులకి తిప్పే గుర్రాల గురించి మరొకరు అడిగారు.)

అది దీనికి తిరగేసిన ప్రయాణం. మన దగ్గర పుట్టి పెరిగిన గుర్రానికి బొచ్చు పలచన, పైన తెల్లవారుజామున ఒక్కోసారి సున్నాకి దగ్గరగా దిగుతుంది. అక్కడ మాత్రం దుప్పటి కావాలి, గాలి మళ్లే గోడ కావాలి. పగలెక్కండి, ఘాట్‌రోడ్డు మీద మెల్లగా పోండి. చేరాక ఓ పది రోజులు అలవాటు పడనిచ్చి అప్పుడు సవారీకి వాడండి. పొద్దున్నే మంచులో ఫొటోల కోసం ఒళ్లు తడిపి, ఆరకుండా ఆపేసి నిలబెట్టడం చూశాను. సవారీ అయ్యాక రుద్ది ఆరబెట్టి, నడిపించి, అప్పుడు కట్టేయాలి.

(సంతలో పిల్లతో ఉన్న గుర్రాన్ని కొనడం గురించి ఒక యువకుడు అడిగాడు.)

తమ్ముడూ, ఇందాకటి నుంచీ చెప్పిందంతా పెద్ద గుర్రానికి. పిల్ల సంగతి పూర్తిగా వేరు. పుట్టిన కొత్తలో దానికి 20 డిగ్రీలకి కాస్త దిగినా చలే, ఒంటి మీద కొవ్వుండదు, పేగులో గడ్డి కుంపటి ఇంకా అంటుకోలేదు. దానికి తల్లి పాలే వేడి, గంటకి చాలాసార్లు తాగుతుంది, బండి కుదుపుల్లో తాగలేదు. కట్టేయకూడదు, కట్టకపోతే తల్లి కాళ్ల కింద పడుతుంది. చూడితో ఉన్నదాన్ని కూడా, పదకొండు నెలల చూడిలో ఆఖరి రెండు నెలలు కదిలించకండి. అమ్మేవాడు ‘పిల్ల ఫ్రీ’ అని బేరం ఊరిస్తాడు. నచ్చితే అడ్వాన్స్ ఇచ్చి, మేత ఖర్చు మాట్లాడుకుని, అక్కడే ఉంచండి. ఫిబ్రవరి ఆఖరికి రాత్రుళ్లు కాస్త వెచ్చబడతాయి, పిల్ల నిలదొక్కుకుని గడ్డి కొరకడం మొదలెడుతుంది. అప్పుడు వెళ్లి, మధ్యలో అడ్డం తీసేసి రెంటికీ కలిపి పెద్ద గదిలా జాగా ఇచ్చి, రెండు గంటలకోసారి బండి ఆపి పాలు తాగనిస్తూ తెచ్చుకో.